పదకొండు పెట్టెల పుస్తకాలు, కోలార్ దారి

కిందటి ఉగాది సంబరాల ముందు మన సంఘం వారు, ఇళ్లలో చదివేసిన తెలుగు పుస్తకాలుంటే ఇవ్వమని ప్రకటించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రెండు మూడు సంచులు వస్తాయనుకున్నాం. పదకొండు అట్టపెట్టెలు వచ్చాయి. హాలు వెనక, కుర్చీలు సర్దుకునే గదిలో గోడ వారగా పేర్చారు. వీటిని ఏం చేద్దామని కార్యవర్గ సమావేశంలో ప్రశ్న రాగానే ఒకరు, "కోలార్ వైపంతా తెలుగువాళ్లే కదండీ, అక్కడేదైనా లైబ్రరీకి పంపేస్తే పుణ్యం పురుషార్థం రెండూను" అన్నారు. అందరూ భేషన్నారు. వ్యాను మాట్లాడడానికి కూడా సిద్ధమైపోయారు.

నేనే అడ్డుపడ్డాను. ముప్ఫయ్యేళ్లు ఒక కాలేజీ లైబ్రరీలో పని చేసినదాన్ని, ఊరుకోలేకపోయాను. ఊరికే వచ్చిన పుస్తకం కూడా తీసుకునేవాళ్లకు ఖర్చే. దానికి రిజిస్టరులో నంబరు వెయ్యాలి, ముద్ర కొట్టాలి, చీటీ అంటించాలి, కేటలాగులో ఎక్కించాలి, బీరువాలో చోటు చూడాలి, ఏడాదికోసారి దుమ్ము దులిపి లెక్క చూసుకోవాలి. గోదానం చేసేవాడు పుచ్చుకునేవాడికి పశువుల కొట్టం ఉందో లేదో కనుక్కోవద్దూ? "పంపే ముందు ఎవరైనా వెళ్లి చూసి రావాలి" అన్నాను. అన్న పాపానికి ఆ పని నాకే అంటగట్టారు. మా పిన్నీ బాబాయీ ఉండేది కె.జి.ఎఫ్.లోని రాబర్ట్‌సన్‌పేటలో. వాళ్లను చూసి నాలుగేళ్లయింది కనుక నేనూ పెద్దగా గునియలేదు.

మీటింగు అయ్యాక ఒక పెద్దాయన నా కోసం ఆగారు. కాకినాడ వారు, బెంగళూరు వచ్చి నలభై ఏళ్లు దాటింది. పదకొండు పెట్టెల్లో రెండు ఆయనవే. "మా ఆవిడ పుస్తకాలమ్మా. పోయి ఏడాదయింది. ఆమెది శ్రీనివాసపురం వైపు. ఆ వైపుకే వెళితే బాగుంటుందని..." అని అక్కడితో ఆపేశారు. శ్రీనివాసపురం కోలార్ జిల్లాలోదే, మామిడిపళ్లకు పేరు. చూస్తానండీ అన్నాను.

బయల్దేరే ముందు రెండు రోజులు కూర్చుని పెట్టెలన్నీ విప్పి గుట్టలుగా వేశాను. ఏమేమున్నాయో చెబితే నవ్వుకుంటారు. వారపత్రికల్లోంచి చించి కుట్టించిన సీరియళ్లు, భగవద్గీతలు ఏడు (అన్నీ ఒకే ముద్రణ), 1980ల నాటి బ్యాంకు పరీక్షల గైడ్లు, ఇప్పుడెవరూ వాడని కంప్యూటర్ విద్య నేర్పే పుస్తకాలు, డిటెక్టివ్ నవలలు, వంటలు, వ్రతకథలు, పిల్లల బొమ్మల కథలు కొన్ని. మధ్యలో మేలిమి పుస్తకాలు కూడా ఉన్నాయి. తెలుగు ఒక వైపు, ఇంగ్లీషు ఒక వైపు, కన్నడం ఒక వైపు, తీసిపారెయ్యాల్సినవి ఒక మూల. పెద్దాయన గారి పెట్టెలో గోధుమరంగు అట్ట వేసిన చేతిరాత నోటుబుక్కొకటి కనిపించింది. కన్నడ అక్షరాలు చూసి కన్నడ గుట్టలో వేశాను. ఆ గుట్టను దగ్గర్లోని ఒక కన్నడ సంఘానికి ఇచ్చేద్దామని నా ఆలోచన.

సాయంత్రం మారికుప్పం బండి ఎక్కాను. అది ఎక్కినవారికి వర్ణించనక్కరలేదు. కె.జి.ఎఫ్.లో గనులు మూతబడ్డాక ఆ ఊరి జనం వేల సంఖ్యలో రోజూ పొద్దున్నే బెంగళూరు వచ్చి, పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరతారు. రానూపోనూ దాదాపు రెండు వందల కిలోమీటర్లు. వైట్‌ఫీల్డ్ దాటాక గానీ నాకు సీటు దొరకలేదు. దొరికాక, పాత అలవాటు కొద్దీ, ఎవరేం చదువుతున్నారో చూశాను. పెట్టె మొత్తం మీద కాగితం మీద చదివేవాడు ఒక్కడే, అదీ ఉద్యోగ పరీక్షల మాసపత్రిక. మిగిలినవారి చేతుల్లో ఫోన్లు. ఒకమ్మాయి ఫోనులో తమిళ నవల చదువుతోంది. పక్కావిడతో కన్నడంలో మాట్లాడి, ఇంటికి ఫోను చేసి తెలుగులో మాట్లాడింది. మాలూరు, టేకల్ దాటి బంగారుపేట వచ్చింది. పూర్వం దీన్ని బౌరింగ్‌పేట అనేవారు. అక్కడి నుంచి చిన్న శాఖా మార్గం. కోరమాండల్, ఊరుగాం, ఛాంపియన్, మారికుప్పం అంటూ స్టేషన్ల పేర్లలో చాలావరకు గనులను గుర్తు చేసేవే.

ఆ ఊరి కథ చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ వచ్చింది. 1902 నాటికే శివనసముద్రం జలపాతం నుంచి ఇక్కడికి కరెంటు లాగారు. బెంగళూరు వీధిదీపాల కంటే ముందు ఇక్కడి యంత్రాలకు విద్యుత్తు అందింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగింది. 1956లో గనులు ప్రభుత్వపరమయ్యాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం తీశారంటారు. మిగిలింది సైనైడు దిబ్బలు. బంగారం తీసేసిన రాతిపొడి అది, బూడిదరంగు కొండల్లా ఊరి మధ్యే ఉంటుంది. గాలి వీస్తే ఆ పొడి కిటికీ చువ్వల మీద పేరుకుంటుంది. మా పిన్ని రోజుకు రెండుసార్లు తుడుస్తుంది. అక్కడ పుస్తకాలు దాచుకోవడం కూడా ఆ పొడితో పోరాటమేనని మర్నాడు గానీ నాకు అర్థం కాలేదు.

"ఏమ్మా, బండి లేటైనాదా? పుస్తకాలు తెచ్చినావంట, యాడ?" అన్నాడు బాబాయి గుమ్మంలోనే. ఆయన గని పైభాగంలో టైమాఫీసులో పని చేశాడు. పుస్తకాలు తేలేదు, చూడడానికి వచ్చానంటే ఆశ్చర్యపోయాడు.

"చదివేవాళ్లు యాడుండారమ్మా? మేము మాట్లాడేది తెనుగు, బళ్లో చదివింది కన్నడం, వీధిలో కొట్లాడేది అరవం, జీతం చీటీ ఇంగ్లీషు. నాకు నాలుగూ వస్తాయి. తెనుగు అక్షరాలు మాత్రం బస్సు బోర్డు చదివేంతే."

"మరి పిన్ని?"

"దానికి అదీ రాదు. అది పాడతాది."

పిన్ని వంటింట్లోంచి, "నువ్వు కాళ్లు కడుక్కుని రా అమ్మా, ముద్ద చల్లారిపోతాది" అంది. రాగి ముద్ద, అవరేకాళ్ల పులుసు.

ఆ రాత్రి బాబాయి మాటలే నా బుర్రలో తిరిగాయి. కార్యవర్గంలో మేమంతా "కోలార్ అంటే తెలుగువాళ్లే" అని తీర్మానించేశాం. మాట నిజమే. కానీ మాట్లాడేవాళ్లను లెక్క పెట్టుకున్నాం, చదివేవాళ్లను లెక్క పెట్టుకోలేదు. గ్రంథాలయానికి పుస్తకాలు ఎంచుకునే విద్యలో ఇది మొదటి పాఠం. నేను పాతికమంది విద్యార్థులకు అదే పాఠం చెప్పినదాన్ని కూడాను. 1925లోనే ఇంగ్లాండులో మెక్‌కాల్విన్ అనే లైబ్రేరియన్, పుస్తకానికి విలువ ఎంతో చూసినట్టే దానికి అడిగేవాళ్లు ఎంతమందో, ఎంత గట్టిగా అడుగుతున్నారో కూడా తూచాలని ఒక గ్రంథమే రాశాడు. మన రంగనాథన్ గారు 1931లో పెట్టిన పంచసూత్రాల్లో రెండోదీ మూడోదీ ఇదే సంగతి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. తంజావూరు జిల్లా శియాళిలో పుట్టిన ఆ మహానుభావుడు చివరి పదిహేనేళ్లూ బెంగళూరులోనే గడిపి, 1962లో గ్రంథాలయ విద్యకు డి.ఆర్.టి.సి. అనే శిక్షణ కేంద్రం అక్కడే పెట్టించి, 1972లో అక్కడే కన్నుమూశారు.

మర్నాడు జిల్లాలోనే ఒక చిన్న ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. ఊరి పేరు చెప్పను, చెబితే ఆ అమ్మాయికి ఇబ్బంది. చక్కని గది. ముందు భాగంలో పేపర్లు, నలుగురు ముసలివారు, పరీక్షలకు చదివే కుర్రాళ్లు పదిమంది దాకా. వెనక ఆరు ఇనుప బీరువాలు. కన్నడం నాలుగు, ఇంగ్లీషు ఒకటి, ఆరోదాంట్లో తమిళం, ఉర్దూ, తెలుగు. లైబ్రేరియన్ అమ్మాయి ఆఫీసు మాటలు కన్నడంలో మాట్లాడి, నేను తెలుగుదాన్నని తెలియగానే, "కూచోండక్కా, కాఫీ చెప్తాను" అంది.

తెలుగు అర ముందు నిలబడి నేను చేసిన పని, ఏ లైబ్రరీకి వెళ్లినా చేసేదే. పుస్తకం పేరు చూడను, వెనక అట్ట లోపల అంటించిన తేదీల చీటీ చూస్తాను. ఆ చీటీ అబద్ధమాడదు. వరసగా ఒక ముప్ఫై పుస్తకాలు తీసి చూశాను. ఇరవై రెండింటి చీటీలు తెల్లగా ఉన్నాయి. నాలుగైదింటి మీద చివరి తేదీ గనులు మూతబడక ముందుది. ఒక్క పురాణ కథల పుస్తకం మాత్రం చీటీ నిండి, దాని మీద ఇంకో చీటీ అంటించి ఉంది. ఇది కోలార్ వాళ్ల తప్పు అనుకోకండి. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఇలాగే లెక్క తీసి 1979లో ప్రచురించారు. 1969లో కొన్న పుస్తకాల్లో సుమారు 40 శాతం ఆ తరువాత ఆరేళ్లు దాటినా ఒక్కసారి కూడా బయటికి వెళ్లలేదట. ఆ లెక్క చూసి అక్కడి ప్రొఫెసర్లు లైబ్రరీ మీద కంటే లెక్క తీసినవాళ్ల మీద ఎక్కువ కోప్పడ్డారని మా గురువుగారు చెప్పి నవ్వేవారు.

"ఈ తెలుగు పుస్తకాలు ఎవరు ఎంచారమ్మా?" అని అడిగాను.

"మేము ఎంచేది యాడక్కా? పై నుంచి వస్తాయి."

ఆ ఒక్క మాట వెనక పెద్ద వ్యవస్థ ఉంది, కాస్త చెప్పాలి. కర్ణాటకలో పౌర గ్రంథాలయాల చట్టం 1965లో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ చట్టం 1960ది. రెండు చోట్లా ఇంటి పన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సే వీటికి ప్రధానమైన ఆధారం. పన్ను రసీదు ఎప్పుడైనా జాగ్రత్తగా చూడండి, అందులో ఉంటుంది. పుస్తకాల కొనుగోలులో పెద్ద భాగం రాష్ట్ర స్థాయిలో జరుగుతుంది. ప్రచురణకర్తలు దరఖాస్తుతో పుస్తకం పంపుతారు, ఎంపిక సంఘం చూస్తుంది, ఎంచిన పుస్తకాన్ని వందల ప్రతులు కొని ఊరూరికీ పంచుతారు. ఇది కాక కలకత్తాలో 1972లో స్థాపించిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం రాష్ట్రాలతో కలిసి కొంత, తనంతట తాను కొంత సాయం చేస్తుంది. ఇందులో మంచి లేకపోలేదు. చిన్న ప్రచురణకర్త బతుకుతాడు, కవిత్వం అచ్చవుతుంది, మారుమూల పల్లెకూ కొత్త పుస్తకం చేరుతుంది. కానీ శివమొగ్గకు ఏది వెళుతుందో కోలార్‌కూ అదే వస్తుంది. బీదరులో ఉర్దూ చదివేవాడికీ ముళబాగిలులో తెలుగు మాట్లాడేవాడికీ తేడా ఆ జాబితాకు తెలియదు. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలు 2019లో గ్రామీణాభివృద్ధి, పంచాయతీ రాజ్ శాఖ కిందికి వెళ్లాయి. ఇప్పుడు వాటిని ‘అరివు కేంద్ర’ అంటున్నారు. అరివు అంటే ఎరుక. అక్కడ స్థానికంగా పుస్తకాలు సేకరించే ఉత్సాహం కొంత ఎక్కువ కనిపించింది నాకు.

ఆ అమ్మాయి బల్ల సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసింది. పాఠకులు అడిగి, లేవనిపించుకున్న పుస్తకాల పేర్లు తనే రాసి పెట్టుకుంటోందట. ఎవరూ చెప్పలేదు, జీతమూ అంతంత మాత్రమే. ఆ జాబితా చూస్తుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పరీక్షల పుస్తకాలు సరే. మధ్యమధ్య "కైవార తాతయ్య పాటలు, దొడ్డ అక్షరాలు" అని నాలుగు చోట్ల, "పెళ్లి పాటలు, తెలుగువి, కన్నడ లిపి" అని రెండు చోట్ల రాసి ఉంది.

"పాత పుస్తకాలు తీసేసి చోటు చెయ్యొచ్చు కదమ్మా" అన్నాను.

"అయ్యో అక్కా, లెక్కలో ఒకటి తగ్గితే నా జీతంలో పట్టుకుంటారేమో!"

ఈ భయం నాకు కొత్త కాదు. దేశమంతటా లైబ్రేరియన్లది ఇదే భయం. నిజానికి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు 2017లో, చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదిలో ఐదు దాకా పోయినా, అది అశ్రద్ధ వల్లో మోసం వల్లో కాకపోతే, సహజ నష్టంగానే చూడాలని స్పష్టంగా ఉంది. వెయ్యి రూపాయలకు మించినదో, అరుదైనదో పోతే మాత్రం విచారణ చెయ్యాలి. ఇరవై వేల లోపు పుస్తకాలుంటే ఏటా పూర్తి లెక్క చూడాలి, యాభై వేలు దాటితే నమూనాగా చూస్తే చాలు. ఇవి కేంద్ర సంస్థల నిబంధనలు, అన్నిచోట్లా ఇవే వర్తించవు. అయినా వాటిలోని ఇంగితం అందరికీ పనికొస్తుంది. పుస్తకం తాళం వేసిన బీరువాలో భద్రంగా ఉండడం కంటే, చేతులు మారి చిరిగిపోవడం మేలని ఒప్పుకున్న ప్రభుత్వ కాగితం నాకు తెలిసి అదొక్కటే.

అలాగని తీసిపారెయ్యడం తేలిక పనని చెప్పను. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద ఏరివేత పెట్టుకున్నాం. పదేళ్లుగా ఎవరూ తియ్యనివి, చెదలు తిన్నవి, పాత ముద్రణలు అన్నీ జాబితా రాసి, కమిటీ సంతకాలు పెట్టించి, తూకానికి అమ్మేశాం. అందులో ముప్ఫై పేజీల పలచటి పుస్తకం ఒకటుంది. ఒక చిన్న ఊరి చెరువు చరిత్ర, ఊరివాళ్లే అచ్చు వేయించుకున్నది. పదేళ్లలో ఎవరూ అడగలేదు, నిజమే. రెండు నెలల తరువాత ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. చెరువు హద్దుల తగాదా కోర్టులో ఉందట. ఇంకెక్కడా ప్రతి లేదు. పాత కాగితాల కొట్టుకు పరుగెత్తాను. అప్పటికే పొట్లాలైపోయింది. ఎన్నిసార్లు తీశారన్న లెక్కొక్కటే చాలదని, ఇంకో చోట ప్రతి ఉందా లేదా అన్నది ముందు చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. టెక్సాస్‌లో 1976లో తయారైన ఏరివేత పద్ధతిని ఇప్పటికీ చాలామంది పాటిస్తారు. అందులో కూడా స్థానిక చరిత్ర జోలికి వెళ్లేటప్పుడు ఆచితూచి అడుగెయ్యమనే ఉంటుంది. నేను ఆ హెచ్చరికను పరీక్ష కోసం చదివాను, పని కోసం చదవలేదు.

మూడో రోజు కైవారం వెళ్లాను. పిన్ని కూడా వస్తానంది. కోలార్ వెళ్లి, అక్కడి నుంచి చింతామణి బస్సు, ఆ తరువాత ఆటో. 2007లో జిల్లా విడిపోయాక చింతామణి, బాగేపల్లి వంటి ఆరు తాలూకాలు చిక్కబళ్లాపురానికి వెళ్లాయి గానీ, పిన్నికి అదంతా ఇంకా కోలార్ జిల్లాయే. దారి పొడుగునా బోర్డులన్నీ కన్నడం, బస్సులో మాటలన్నీ తెలుగు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ముద్దేనహళ్లి ఆ వైపే. ఆయన ఇంటిపేరు కూడా మన వైపు ఊరి పేరే. ఇంట్లో తమిళం మాట్లాడుతూ కన్నడంలో కథలు రాసి జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వారిది ఈ జిల్లాలోనే మాలూరు తాలూకా. ఇంటి భాష ఒకటి, రాసే భాష ఒకటి కావడం ఈ నేలలోనే ఉన్నట్టుంది.

కైవార నారేయణ యోగిని అక్కడ అందరూ తాతయ్య అంటారు. గాజులమ్ముకునే కుటుంబంలో పుట్టి, 1726 నుంచి 1836 దాకా నూట పదేళ్లు జీవించారని చెప్పుకుంటారు. కాలజ్ఞానం చెప్పారు, శతకాలు రాశారు, తత్వాలు పాడారు, చాలాభాగం తెలుగులోనే. ఆశ్రమంలో పుస్తకాల బల్ల దగ్గర నేను తెలుగు ప్రతి అడగబోతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపి, తనకు తెలిసిన చిన్న పుస్తకం తీసింది. కన్నడ అక్షరాలు. కళ్లద్దాలు పెట్టుకుని, పక్కనే అరుగు మీద కూర్చుని మెల్లగా పాడడం మొదలుపెట్టింది. తెలుగు తత్వం. పక్కన ఇంకో ముసలమ్మ చేరి గొంతు కలిపింది, ఆవిడ చేతిలోనూ అలాంటి పుస్తకమే. నేను వెనక నిలబడి పేజీ చూస్తూ విన్నాను. కంటికి కన్నడం, చెవికి తెలుగు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు కనుక కన్నడం వచ్చిన నాకు చదవడం కష్టం కాలేదు. కష్టమైందల్లా, ఇన్నేళ్లలో ఇలాంటి పుస్తకాన్ని నా లైబ్రరీలో ఏ అరలో పెట్టి ఉంటానన్న ఆలోచన.

డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827, కన్నడానికి 894.814. నంబరు భాషను బట్టి వేస్తాం, లిపిని బట్టి కాదు. కనుక ఈ పుస్తకం శాస్త్రప్రకారం తెలుగు అరలోకి వెళ్లాలి. కానీ తెలుగు అర దగ్గరికి వచ్చేది తెలుగు అక్షరాలు తెలిసినవాడు. ఈ పుస్తకం కావాల్సిన మా పిన్ని ఆ అర దగ్గరికి ఎందుకు వెళుతుంది? కన్నడ బీరువాలో పెడితే, తెలుగు సాహిత్యం మీద పరిశోధన చేసేవాడికి దొరకదు. కేటలాగులో రెండు చోట్ల రాయడం, కుదిరితే రెండు ప్రతులు కొని రెండు చోట్లా పెట్టడం తప్ప దారి లేదు. ఇదంతా చెబితే పిన్ని, "ఇంత కష్టమెందుకమ్మా, తాతయ్య పుస్తకం అని ముందర బల్ల మీద పెడితే పోయె" అంది. ఆ శాఖా గ్రంథాలయం అమ్మాయికి ఇవ్వడానికి పెద్ద అక్షరాలవి నాలుగు కొన్నాను. రెండు ఆ గది ముందు బల్ల మీదికి, రెండు ఇళ్లకు ఇవ్వడానికి.

తిరుగు ప్రయాణంలో బంగారుపేట దాటాక గుర్తొచ్చింది, గోధుమరంగు అట్ట నోటుబుక్కు.

బెంగళూరులో దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా హాలుకు వెళ్లాను. వాచ్‌మన్ చేత గది తీయించి కన్నడ గుట్ట వెతికాను. అదృష్టవశాత్తు ఇంకా ఎవరూ తీసుకెళ్లలేదు. నోటుబుక్కు తెరిచి మొదటి పేజీ ఈసారి చదివాను. అక్షరాలు కన్నడం, మాటలు తెలుగు. పెళ్లి పాటలు, తిరగలి పాటలు, తాతయ్య తత్వాలు, ఉయ్యాల పాటలు. పక్కన పెన్సిలుతో ఎవరి దగ్గర నేర్చుకున్నదీ రాసుకుంది, అత్త, పెద్దమ్మ, నీళ్ల బావి దగ్గర ముసలమ్మ అంటూ. ముప్ఫయ్యేళ్లు లైబ్రేరియన్‌నని చెప్పుకునేదాన్ని, లిపి చూసి భాష నిర్ణయించేశాను. ఇంకో వారం ఆలస్యమైతే చెరువు పుస్తకం దారే పట్టేది.

పెట్టెల సంగతి చెప్పి ముగిస్తాను. కార్యవర్గంలో కొంచెం వాగ్వాదం అయింది. ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారని కొందరన్నారు, ఇద్దరు నొచ్చుకున్నారు కూడా. చివరికి కోలార్ వైపు వెళ్లింది ఒక పెట్టె మాత్రమే. పెద్ద బొమ్మలున్న పిల్లల కథలు, పురాణ కథలు, తెలుగు చదవడం వచ్చిన కొద్దిమంది పెద్దల కోసం ఏరిన నవలలు. ముందు ఆ అమ్మాయికి జాబితా పంపి, ఆమె టిక్కు పెట్టినవే పంపాం. ఆమె కోరినదల్లా కన్నడ లిపిలో తెలుగు పాటల పుస్తకాలు, వాటిని సంఘం డబ్బుతో కొని చేర్చాం. నాలుగు పెట్టెలు బెంగళూరులోనే తెలుగు విద్యార్థులున్న చోట్లకు వెళ్లాయి. కుట్టించిన సీరియళ్లలో ఇంకెక్కడా దొరకవనిపించినవి విడిగా దాచాను, అడిగి చూడాలి. గైడ్లూ కంప్యూటర్ పుస్తకాలూ తూకానికే వెళ్లాయి. ఈసారి ప్రతి ఒక్కటీ తెరిచి చూశాకే.

నోటుబుక్కు తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. అదేమిటో తెలుసా అండీ అని అడిగితే, "ఏదో కన్నడం పుస్తకం అనుకున్నానమ్మా. నాకు కన్నడం చదవడం రాదు కదా. ఆమె సాయంత్రాలు దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేది" అన్నారు. మొదటి పాట చదివి వినిపించాను. నాకు పాడడం రాదు, చదివానంతే. రెండో చరణం సగంలో ఆయనే వరస అందుకున్నారు. వంటింట్లోంచి వినీ వినీ వచ్చేసిందట, ఎక్కడిదో ఎన్నడూ అడగలేదట.

దాన్ని ఇప్పుడు తెలుగు లిపిలోకి ఎత్తి రాస్తున్నాను. అసలు ప్రతి ఆయన దగ్గరే ఉంటుంది. ముప్ఫై ఒక్క పాటలు అయ్యాయి, ఇంకా సగం పైనే ఉన్నాయి. కొన్ని మాటలు పెన్సిలు చెరిగిపోయి తెలియడం లేదు, కొన్ని శ్రీనివాసపురం వైపు పలుకులు, నాకు అర్థం కావడం లేదు. వాటి కోసం వారానికోసారి పిన్నికి ఫోను చేస్తున్నాను. పాఠకుల్లో ఆ వైపు పెళ్లి పాటలు తెలిసిన పెద్దలెవరైనా ఉంటే, ఆదివారాలు ఉదయం పది గంటల నుంచి హాలులోనే ఉంటాను, దయచేసి రండి.